గడప బయటి నవ్వు, గద్దె మీది నవ్వు

కామెడీ సినిమా గురించి దళిత అధ్యయనాల పత్రికలో రాయడమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది గదా, అమెరికా వాళ్ల నవ్వులతో మనకేం పని అనొచ్చు. పనుందనే మేమనుకుంటున్నాం. ఊళ్లో ఎవరు ఎవర్ని చూసి నవ్వొచ్చు, ఎవరి ముందు ఎవరు నవ్వకూడదు అన్నది కులం నిర్ణయిస్తూ వచ్చిన విషయమే. దొర ముందు పళ్లు కనబడేట్టు నవ్వితే తప్పు. దొర నవ్వించమన్నప్పుడు నవ్వించకపోయినా తప్పే. కాబట్టి నవ్వు ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద పడుతోంది అని అడగడం కూడా మన చదువులో భాగమే.

నల్లజాతి ప్రజల చరిత్రతో మనకున్న సంబంధం కొత్తది కాదు. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేయడానికి నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. డాక్టర్ అంబేద్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో మన కుర్రవాళ్లు తమ సంస్థకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసే. వాళ్ల పోరాటాల్ని ఇట్లా మనవిగా చదువుకున్నాం. వాళ్ల సినిమాల్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి. బాగున్నవాటిని బాగున్నాయని, బాగోలేనివాటిని ఎందుకు బాగోలేవో చెప్పుకోవాలి.

ఇక్కడ మేము చర్చకు పెడుతున్నది 2021 మార్చి 5న అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైన ‘కమింగ్ 2 అమెరికా’. ఇది 1988లో జాన్ లాండిస్ తీసిన ‘కమింగ్ టు అమెరికా’కు రెండో భాగం. రెండిట్లోనూ హీరో ఎడ్డీ మర్ఫీ. రెండో భాగం దర్శకుడు మాత్రం క్రెయిగ్ బ్రూవర్. ఇదే బ్రూవర్, ఇదే మర్ఫీ కలిసి అంతకు రెండేళ్ల ముందే, 2019లో, ‘డోలమైట్ ఈజ్ మై నేమ్’ అనే సినిమా తీశారు. ఇంకో ఇద్దరు దీన్ని పాడు చేసి ఉంటే మేమింత రాసేవాళ్లం కాదు. మంచి సినిమా తీయడం తెలిసినవాళ్లే దీన్నీ తీశారు. అందుకే ఎక్కడ తప్పిందో వెతకాలనిపించింది.

ముందు 1988 నాటి సినిమా సంగతి. ఆఫ్రికాలో జముండా అనే ఊహా రాజ్యం. దాని యువరాజు అకీమ్. పొద్దున లేస్తే స్నానం చేయించేవాళ్లు, నడిచే దారిలో గులాబీ రేకలు చల్లేవాళ్లు అతనికి ఉన్నారు. అతని కోసం పెంచిన పెళ్లికూతురిని తెచ్చి నిలబెడతారు. నీకేం ఇష్టమని అడిగితే మీకేది ఇష్టమో అదే అంటుంది. కుక్కలా మొరగమంటే మొరుగుతుంది, ఒంటికాలి మీద గెంతమంటే గెంతుతుంది. అకీమ్‌కి నవ్వు రాదు, భయమేస్తుంది. లొంగుబాటును ప్రేమ అని ఎట్లా అనుకోవాలో అతనికి అర్థం కాదు. ఇల్లు విడిచి న్యూయార్క్‌లోని క్వీన్స్ పేటకు వస్తాడు. మెక్‌డొనాల్డ్స్‌ని కాపీ కొట్టిన మెక్‌డోవెల్స్ అనే తిండి కొట్లో నేల తుడిచే పనిలో చేరతాడు.

ఈ కథలో లోపాలున్నాయి. అకీమ్ పేదరికం ఒక వేషం. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పెయ్యొచ్చు. నిజంగా నేల తుడిచేవాడికి ఆ వీలు లేదు. చీపురు పట్టిన చేతిని పుట్టుకతో కట్టిపడేసిన దేశంలో ఉన్న మనకు ఆ తేడా ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ సినిమాకు ఒక బలం ఉంది. రాజు చేతికి చీపురు ఇచ్చి, ఆ పని చేసేవాళ్ల మధ్య నిలబెట్టి, అక్కణ్నించి లోకాన్ని చూపించింది. మంగలి షాపులో కూర్చుని లోకంలోని బాక్సర్లందరి మీదా తీర్పులు చెప్పే ముసలాళ్లు, జుట్టు నూనె వ్యాపారంతో డబ్బు చేసి విర్రవీగే కుర్రాడు, అల్లుడి ఆస్తి లెక్కలు చూసుకునే నల్లజాతి మధ్యతరగతి తండ్రి, వీళ్లందర్నీ లోపలి మనిషి చూసినట్టు చూసి నవ్వింది. ఆ షాపులో కూర్చున్న తెల్ల ముసలాయన వేషం కూడా మర్ఫీదే. తెల్లవాళ్లు మొహాలకు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించిన నాటకాలు అమెరికాలో ఏళ్లతరబడి ఆడాయి. ఒక నల్ల నటుడు తెల్ల మొహం వేసుకుని ఆ లెక్క కొంచెం సరిచేశాడు.

ఇక ‘డోలమైట్ ఈజ్ మై నేమ్’. ఇది రూడీ రే మూర్ (1927-2008) అనే నిజమైన మనిషి కథ. లాస్ ఏంజలెస్‌లో రికార్డులమ్మే కొట్లో పని, రాత్రిళ్లు క్లబ్బులో పాటకు పాటకు మధ్య నాలుగు జోకులు చెప్పే పని. వయసు మీదపడింది, పొట్ట వచ్చింది, పేరు రాలేదు. కొట్లోకి వచ్చే ఒక ఇల్లులేని మనిషి డోలమైట్ అనే వీరుడి గురించి ప్రాసలు కట్టి బూతు కథలు చెబుతుంటాడు. అందరూ అతన్ని బయటికి తరుముతారు. రూడీకి అందులో కళ కనిపిస్తుంది. టేప్ రికార్డరు పట్టుకుని సందులో ఆ మనుషుల దగ్గరికే పోతాడు, విని రాసుకుంటాడు, తన గొంతులో పెట్టుకుంటాడు. పెద్ద కంపెనీలు ఛీ అంటే ఇంట్లో మిత్రుల్ని కూచోబెట్టి రికార్డు చేసి, కారు డిక్కీలో పెట్టుకుని అమ్ముకుంటాడు.

ఈ బూతు కథలు ఎక్కణ్నించో ఊడిపడ్డవి కావు. ఇంగ్లీషులో ‘టోస్ట్’లు అంటారు, నల్లజాతి జనం నోటి నుంచి నోటికి నడిచిన సాహిత్యం అది. బలమున్న సింహాన్ని మాటలతో బోల్తా కొట్టించే కోతి కథ అందులో పేరున్నది. చిందు కళాకారులు ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగడం గుర్తున్న పాఠకులకు దీని రుచి వెంటనే తెలుస్తుంది. చదువు అందకుండా చేసినవాళ్లకు నోరే పుస్తకం. ఆ నోటి మాటను ‘మోటు’ అనీ ‘అశ్లీలం’ అనీ పక్కకు నెట్టేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. మన దళిత కవిత్వాన్ని కూడా ఆ మాటలతోనే కొలిచినవాళ్లను చూశాం గదా.

ఆ సినిమాలో రెండు దృశ్యాలు మేము మరిచిపోలేకపోయాం. ఒకటి, రూడీ మిత్రులతో కలిసి ‘ది ఫ్రంట్ పేజ్’ (1974) అనే హాస్య చిత్రానికి పోతాడు. హాలంతా తెల్లవాళ్లు విరగబడి నవ్వుతుంటారు. వీళ్లకి ఒక్కచోట కూడా నవ్వు రాదు. తెర మీద తమలాంటి మనిషి లేడు, తమ మాట లేదు, తమ బతుకు లేదు. హాలు దాటేసరికి సొంతంగా సినిమా తీయాలన్న పట్టుదల అతనిలో మొదలవుతుంది. రెండోది, సినిమా పని జరుగుతున్నప్పుడు లేడీ రీడ్ అనే లావుపాటి నల్లజాతి గాయని రూడీకి కృతజ్ఞత చెబుతుంది. నాలాంటి ఆడమనిషిని తెర మీద ఎన్నడూ చూడలేదు అన్నది ఆమె మాటల సారం. డావిన్ జాయ్ రాండాల్ఫ్ ఆ మాటను ఏడవకుండా, గొంతు పెంచకుండా చెబుతుంది. అందుకే అది మనల్ని తాకుతుంది.

రూడీ తన రికార్డుల మీద రాబోయే డబ్బును తాకట్టు పెడతాడు. పాడుబడిన హోటల్ని స్టూడియో చేసుకుంటాడు. కరెంటు పక్క బిల్డింగు నుంచి లాక్కుంటారు. కెమెరా పనికి సినిమా చదువుకునే కుర్రాళ్లు వస్తారు. ఫైటింగు రాదు, అయినా చేస్తారు. మనకు నవ్వొస్తుంది. ఆ నవ్వులో వాళ్ల మీద చులకన లేదు. వాళ్లతో కలిసి నవ్వుతాం. చివర్లో సినిమా విడుదల రోజు హాలు నిండిపోయి, తర్వాతి ఆట కోసం జనం వీధిలో బారులు తీరి ఉంటారు. రూడీ లోపలికి పోయి తన సినిమా తాను చూసుకోడు. బయట నిలబడ్డ జనం దగ్గరే ఉండి, వాళ్లకు తన ఆట చూపిస్తాడు. 1975లో వచ్చిన ‘డోలమైట్’ను పుట్టించింది ఆ జనమేనని దర్శకుడు మర్చిపోలేదు.

ఇంత బాగా తెలిసిన దర్శకుడు రెండేళ్లకు ఏం చేశాడో చూద్దాం.

‘కమింగ్ 2 అమెరికా’లో అకీమ్ రాజవుతాడు. ముగ్గురు కూతుళ్లు. జముండా చట్టం ప్రకారం గద్దె మగబిడ్డకే దక్కాలి. ముప్పై ఏళ్ల కింద క్వీన్స్‌లో ఒక రాత్రి పుట్టిన సంబంధంతో తనకొక కొడుకున్నాడని తెలుస్తుంది. ఆ కొడుకు లవెల్, బాస్కెట్‌బాల్ ఆట దగ్గర టికెట్లు బ్లాకులో అమ్ముకుంటుంటాడు. అతన్నీ, అతని తల్లి మేరీనీ జముండాకు తీసుకొస్తాడు. సింహం మీసం కత్తిరించడంలాంటి పరీక్షలు పెట్టి యువరాజుగా తయారు చెయ్యడం మిగతా కథ.

మొదటి తప్పు ఇక్కడే ఉంది. మొదటి సినిమాలో రాజు వాడలోకి వచ్చాడు. రెండోదాంట్లో వాడ రాజమందిరంలోకి పోయింది. దాంతో చూసే చోటు మారిపోయింది. మేరీ, ఆమె తమ్ముడు రీమ్ నోరు తెరిస్తే చాలు, వాళ్ల మాట, వాళ్ల తిండి, వాళ్ల పద్ధతి రాజమందిరం మర్యాదకు ఎదురుగా పెట్టి నవ్వించాలని చూస్తారు. లెస్లీ జోన్స్, ట్రేసీ మోర్గాన్ సామాన్యమైన నటులు కారు. ఇద్దరూ దొరికిన చోటల్లా దృశ్యాన్ని లాక్కుంటారు. కాని సినిమా వాళ్లను ఉంచిన జాగా అది. ‘డోలమైట్’లో వీధి మాట కళ అయితే ఇక్కడ అదే వీధి మాట వెకిలితనమైంది. పైగా మేరీ ఆ రాత్రి అకీమ్‌కు మత్తు ఎక్కించి, అతని ఇష్టంతో పనిలేకుండా బిడ్డను కన్నదని చూపించి, దాన్నీ జోకు చేశారు. ఇదే పని మగవాడు ఆడమనిషికి చేస్తే నవ్వుతామా? పేద నల్లజాతి స్త్రీ మీద సమాజం ఎప్పటినుంచో వేస్తున్న ముద్రనే ఈ జోకు మళ్లీ వేసింది.

రెండో తప్పు పుట్టుక గురించి. సినిమా మొదట్లో లవెల్ ఉద్యోగం కోసం డ్యూక్ కంపెనీకి ఇంటర్వ్యూకి పోతాడు. కుటుంబం ఆస్తి మీద కుర్చీలో కూర్చున్న తెల్ల కుర్రాడు అతని పెంపకం గురించి అవమానంగా మాట్లాడితే లవెల్ తిరగబడి బయటికొస్తాడు. రెండో భాగం మొత్తంలో మాకు బలంగా అనిపించిన దృశ్యం ఇదే. ఇంటర్వ్యూ గదుల్లో ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి మెరిట్ గురించి ఉపన్యాసం చెప్పేవాళ్లను చూసిన మన విద్యార్థులకు దీన్ని వివరించక్కర్లేదు. అయితే మరుక్షణం సినిమా ఏం చేసింది? ఆ కుర్రాడికే పుట్టుక పేరు మీద ఒక రాజ్యాన్ని రాసిచ్చింది. తాత కుర్చీలో కూర్చున్నవాణ్ని తిట్టించిన సినిమా, తండ్రి గద్దె ఎక్కబోయేవాణ్ని చూసి చప్పట్లు కొట్టమంటుంది. పుట్టుకతో వచ్చే అధికారం తెల్లవాడి చేతిలో ఉంటే తప్పు, మనవాడి చేతిలో ఉంటే ఒప్పు అనుకుంటే మనం కులాన్ని అర్థం చేసుకోనట్టే.

మూడోది పనివాళ్లు. స్నానాలు చేయించేవాళ్లు, పూలు చల్లేవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉన్నారు, అవే పనులు చేస్తున్నారు. వాళ్లకొక బతుకుందని సినిమాకు తోచలేదు. 1988లో మొరిగి, గెంతి చూపించిన ఆ పెళ్లికూతురు ఇమానీ కూడా మళ్లీ కనిపిస్తుంది. ఇంకా మొరుగుతూనే ఉంది, ఇంకా ఒంటికాలి మీద గెంతుతూనే ఉంది! అప్పుడు ఆ మొరుగు వింటే అకీమ్‌కి భయమేసింది, అందుకే రాజ్యం విడిచి పోయాడు. ఇప్పుడు అదే మొరుగు ఉత్త జోకు. ఒక మనిషిని ముప్పై ఏళ్లు ఒంటికాలి మీద నిలబెట్టి, పాత జోకు గుర్తుందా అని ప్రేక్షకుణ్ని అడగడం మాకు మింగుడుపడలేదు. రెండు సినిమాల మధ్య ఉన్న దూరమంతా ఈ ఒక్క చోట కనిపిస్తుంది.

మిరెంబే ఒక్కతే కొంత నయం. రాజమందిరంలో జుట్టు కత్తిరించే పని ఆమెది. సొంతంగా ఒక షాపు పెట్టుకోవాలని ఆశ. జముండాలో ఆడవాళ్లకు ఆ వీలు లేదు. కత్తెర పట్టిన చేతికి తన షాపు, తన గల్లాపెట్టె కావాలనడం చిన్న కోరిక కాదు. ఊరందరికీ చాకిరీ చేసి కళ్లం దగ్గర గింజల కోసం నిలబడిన కులాలకు ఆ కోరిక విలువ తెలుసు. ఇక్కణ్నించి ఒక మంచి సినిమా మొదలుకావచ్చు. కాని ఈ సినిమా ఆమెను యువరాజుకు భార్యగా కుదిర్చి తృప్తిపడింది. వీళ్లిద్దరూ ఒకచోట, ఎవరూ అడక్కపోయినా పాత సినిమాలకు రెండో భాగాలు తీస్తారని అమెరికా సినిమా గురించి మాట్లాడుకుంటారు. తప్పును తానే ముందు ఒప్పుకుంటే క్షమిస్తారనుకున్నట్టుంది.

పెద్ద కూతురు మీకా సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పట్నించి రాజ్యం కోసం తయారైన పిల్ల. చివర్లో తండ్రి చట్టం మార్చి ఆమెను వారసురాలిని చేస్తాడు. మంచిదే. కాని ఆ మార్పు తండ్రి మనసు కరగడం వల్ల వచ్చింది. ఆమె కొట్లాడి తెచ్చుకునే అవకాశం కథ ఇవ్వలేదు. ఆడవాళ్ల హక్కులకు చట్టం కావాలని హిందూ కోడ్ బిల్లు కోసం పట్టుబట్టి, అది ముందుకు సాగనప్పుడు 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిన మనిషి వారసులం మనం. హక్కు అన్నది పెద్దమనిషి దయ కాదని మనకు తెలుసు.

బ్రూవర్ మిగతా సినిమాల్లో లోపాలు లేవని మేమనడం లేదు. మెంఫిస్ నగరాన్ని తన సినిమాలకు ఇల్లు చేసుకున్న ఈ దర్శకుడు తెల్లవాడు. ‘హజిల్ అండ్ ఫ్లో’ (2005)లో ఆడవాళ్లను వ్యభిచారంలో నడిపే డీజే అనేవాడు ఇంట్లోనే స్టూడియో కట్టి పాట తయారు చేస్తాడు. ఆ పాటకు 2006లో ఆస్కార్ కూడా వచ్చింది. వాడి కలకు ఆ ఇంటి ఆడవాళ్ల ఒళ్లే పెట్టుబడి అన్న నిజాన్ని సినిమా చూపించింది గాని, గట్టిగా నిలదీయలేదు. ‘బ్లాక్ స్నేక్ మోన్’ (2006)లో ఆడదాన్ని గొలుసుతో కట్టేసి బాగుచేస్తాననే కథను మేము ఒప్పుకోలేం. ‘డోలమైట్’లో కూడా, సందులో కథలు చెప్పిన ఆ ఇల్లులేని మనుషులకు రూడీ సంపాదనలో ఏం వాటా దక్కిందో చెప్పకుండానే కథ ముందుకు పోతుంది. జనం నోటి కళను పుస్తకాలకు, సినిమాలకు ఎక్కించి పేరు తెచ్చుకునేవాళ్లందరికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది, మాకు కూడా. అయినా ఈ సినిమాల్లో ఒక నిజం ఉంది. చేతిలో ఏమీ లేనివాళ్లు గుడ్ల అట్టలు గోడకు అతికించి, అరువు కరెంటు తెచ్చి, తమదంటూ ఒకటి తయారు చేస్తారు. ఆ చెమట వాసన రెండో భాగంలో లేదు. అంతా రెడీమేడ్. రూత్ కార్టర్ కుట్టించిన దుస్తులు కన్నుల పండగే. కాని ఎక్కువగా జార్జియా రాష్ట్రంలో తీసిన ఆ జముండాలో దుస్తులు తప్ప ఆఫ్రికా కనిపించదు. మొదటి సినిమాలో ఉన్న బూతును కూడా కడిగేసి, పదమూడేళ్ల పిల్లలకు సరిపోయేట్టు చేశారు. దాంతో మంగలి షాపు ముసలాళ్ల నాలుక మీది కారం కూడా పోయింది.

నల్లవాళ్లను రాజులుగా చూపించడంలో ఆత్మగౌరవం లేదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. బానిసలుగా, దొంగలుగా మాత్రమే కనిపించిన తెర మీద కిరీటం పెట్టుకుని కనిపించడం 1988లో కొంత ధైర్యమిచ్చి ఉంటుంది. మనలో కూడా మా పూర్వీకులు రాజులు అని చరిత్ర వెతుక్కునే ధోరణి ఉంది. దాని వెనకున్న గాయం మాకు తెలుసు. కాని 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మన పెద్దలు పంచములమన్న పేరు వదిలేసి ఆది ఆంధ్రులమన్నారు. ఆ మాటలో ఈ నేల మాది అన్న వాదన ఉంది, గద్దె మాది అన్న వాదన లేదు. ఆత్మగౌరవం కిరీటంలో ఉందనుకుంటే దాన్ని మోసేవాళ్లు, గులాబీ రేకలు చల్లేవాళ్లు ఎప్పటికీ అవసరమవుతూనే ఉంటారు.

‘సరదాకి తీసిన సినిమా, ఇంత లోతు ఎందుకు’ అనే మాట కూడా వింటాం. నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా ‘ఫండ్రీ’ (2013) చూసినవాళ్లు ఆ మాట అనలేరు. పందిని పట్టడానికి పరిగెత్తే కుటుంబాన్ని చూసి ఊరు ఊరంతా సరదాగానే నవ్వుతుంది. వాళ్లకది వినోదం. ఆ నవ్వుల మధ్య జబ్యా అనే పిల్లవాడు సిగ్గుతో దాక్కుంటాడు, చివరికి రాయి తీసుకుని విసురుతాడు. ఆ రాయి తెర దాటి మన మీదికే వస్తుంది. ఎవరి సరదా, ఎవరి ఖర్చు మీద అన్న ప్రశ్న ఆ రాయిలో ఉంది.

కాలేజీల్లో, హాస్టళ్లలో సినిమాలు వేసుకుని చర్చించే మిత్రులకు మా సూచన ఒకటే. ‘డోలమైట్ ఈజ్ మై నేమ్’, ‘కమింగ్ 2 అమెరికా’ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ఎక్కడెక్కడ నవ్వొచ్చిందో రాసుకోండి. ఆ నవ్విన ప్రతి చోటా మీరు ఎవరి పక్కన నిలబడి నవ్వారో చూసుకోండి. ఆ తర్వాత ఇదే లెక్కతో మన తెలుగు సినిమాలు చూడండి. పాలేరు, పనిమనిషి, నత్తివాడు, నల్లటి లావుపాటి అమ్మాయి తెర మీదికి రాగానే హాలు ఎందుకు నవ్వుతుందో, అందులో మన గొంతు కూడా ఎందుకు కలుస్తుందో మాట్లాడుకోవాలి. రూడీ రే మూర్ తనను నవ్వించని హాల్లోంచి బయటికొచ్చి సొంత సినిమా తీశాడు. మన పిల్లలు కూడా తీస్తారు. తీసినప్పుడు వాళ్ల కెమెరా గద్దె పక్కన నిలబడుతుందా, గడప బయట టికెట్ దొరకక నిలబడ్డ జనం పక్కన నిలబడుతుందా అన్నది ఇప్పట్నుంచే తేల్చుకోవాల్సిన విషయం.